ఐదో రాయి వంకరగా ఉన్న హారం

ముగ్గురు ఆడవాళ్ల మెడలో ఒకటే హారం కనిపించింది. ఈ ప్రయాణం అందుకే పెట్టుకున్నాను. నేను బొమ్మలు గీసి బతికేదాన్ని. హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రచురణకర్త కోసం పాత కరీంనగర్ జిల్లా ఆడవాళ్ల కట్టు, బొట్టు, నగల మీద నలభై బొమ్మల పుస్తకం చేస్తున్నాను. ఒక్కో బొమ్మ కింద నాలుగు వాక్యాల వ్యాఖ్య ఉంటుంది. ఈ కడియం ఏం చెబుతుంది, ఈ ముక్కుపుడక ఎవరు పెట్టుకునేవారు, ఏ నగ దేనికి గుర్తు, ఇలా. పన్నెండో బొమ్మ మా బాపమ్మది. మా వైపు నాన్నను బాపు అంటాం, ఆయన తల్లిని బాపమ్మ అంటాం. సిరిసిల్లలో మా మేనత్త ఇంటి గోడకు వేలాడే పెద్ద ఫోటో చూసి దాన్ని గీశాను. అందులో బాపమ్మ మెడలో మూడు పేటల చంద్రహారం, దానికి గుండెల మీదికి దిగే పెద్ద పతకం. కింద నేను రాసిన నాలుగు వాక్యాల్లో రెండు ఇవి: 'నేత కుటుంబాల్లో సైతం పుట్టింటివారు పెట్టే హారం. గౌరవానికీ, నిలకడైన సంసారానికీ గుర్తు.' రాసుకుని మురిసిపోయాను కూడా.

తర్వాత మెట్‌పల్లి నుంచి ఒకరు, జగిత్యాల నుంచి ఒకరు తమ ఇంటి పాత ఫోటోలు పంపారు. ఇద్దరి మెడలోనూ అదే హారం. ఈ ప్రాంతపు నగ ఒకటి దొరికిందని మొదట సంబరపడ్డాను. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే మూడింటిలోనూ నడిమి పేటలో ఎడమ నుంచి ఐదో రాయి కొంచెం వంకరగా ఉంది. మూడు వేర్వేరు హారాలు చేసిన చెయ్యి మూడుసార్లూ సరిగ్గా అక్కడే జారిందంటే నమ్మడం కష్టం. పుస్తకం సోమవారం ప్రెస్సుకు పోవాలి. ఆ రోజు గురువారం. ఆ బొమ్మ బాపమ్మది కాకపోతే నాలుగు ఫోన్లు చేసి సరిపెట్టేదాన్నేమో.

శుక్రవారం తెల్లవారి ఐదుంబావుకు జూబ్లీ బస్ స్టేషన్‌లో జగిత్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. మగవాళ్లు మూడు వందల పైచిలుకు పెట్టుకోవాలి. కరీంనగర్‌లో పది నిమిషాలు ఆగుతుంది, టీ తాగేంత సమయం ఉంటుంది. దారి పొడుగునా ముసురే. కిటికీ అద్దం సరిగా మూసుకోక నా ఎడమ భుజం తడుస్తూనే ఉంది. సీటు మారుదామంటే ఖాళీ లేదు. పదీ ఇరవైకి జగిత్యాలలో దిగి, టవర్ దాకా ఇరవై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. కంసాలులు ఉండే ఔసలివాళ్ల గల్లీ అనగానే డ్రైవర్ అద్దంలోంచి చూశాడు.

"బంగారం కొననీకె పోతున్నవా అక్కా, అమ్మనీకెనా?"

"రెండూ కాదు. ఒక మాట అడగనీకె."

"గీ రేటుకు గదే మంచిది" అన్నాడు.

నేను వెతుక్కుంటూ వెళ్లిన పెద్దాయనకు ఎనభై దగ్గర పడుతుంటాయి. పుస్తకం పనిలో కడియాల పేర్లు ఫోన్‌లో ఆయనే చెప్పాడు. దుకాణం అంటే ఇంటి ముందు గది, ఒక చెక్కపెట్టె, చల్లారిన కుంపటి. ఇప్పుడు పాత వెండి కరిగించడానికి తెచ్చేవాళ్లు తప్ప కొత్తది చేయించుకునేవాళ్లు రారట. ఫోన్‌లో బాపమ్మ ఫోటో చూపించి ఈ హారాన్ని మీ దగ్గర ఏమంటారని అడిగాను. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

"గిది మెడ వెనుకకు పోతలేదు, జూడు. కొక్కెం లేదు, తాడు లేదు. మూడు పేటల బంగారమంటె బరువుకు కొంగు కిందికి గుంజాలె. గీ కొంగు ఎట్లున్నది గట్లనే ఉన్నది. గిది ఔసలి చెయ్యి కాదు బిడ్డా. బొమ్మలాయన చెయ్యి. కోరుట్లల ఉన్నడు. సచ్చినోళ్ల ఫోటోలు పెద్దగ జేసి, మీదికెల్లి నగలు గీస్తుండె."

నేను తల ఎత్తేసరికి ఆయన వెనక గోడను చూపిస్తున్నాడు. అక్కడ ఆయన భార్య ఫోటో ఉంది. మెడలో అదే హారం, అదే వంకర రాయి.

"నేనే గీయించిన. ఊర్లందరికి చేసి ఇచ్చిన గని, బతికున్నప్పుడు దానికి పసుపుతాడు తప్ప ఏం చెయ్యలే. అడిగింది గూడ లేదు." కళ్లద్దాలు కిందికి దించుకుంటూ మళ్లీ అన్నాడు. "అడిగితె చేస్తుంటినేమో."

నేను గౌరవానికీ సంసారానికీ గుర్తు అని రాసిన నగ ఒక ముసలాయన బాధ. ఆ వాక్యం ఎవరూ చదవకముందే చించేయాలనిపించింది. కోరుట్ల పేరు వినగానే ఇంకొకటి కూడా తట్టింది. బాపు చాలా ఏళ్లు కోరుట్లలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా చేశాడు. బాపమ్మ ఫోటోను పెద్దది చేయించింది ఆయనే అయ్యుండాలి. అడుగుదామంటే బాపు పోయి రెండేళ్లవుతోంది.

జగిత్యాల బస్టాండు నుంచి కోరుట్లకు ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు బస్సు ఉంటుంది, ముప్పావుగంట దారి. పన్నెండున్నరకు దిగి బస్టాండు ఎదురుగా ఒక మెస్సులో తిన్నాను. అన్నం, పప్పు, టమాట కూర, చారు, ఒక అప్పడం, అన్నీ కలిపి తొంభై రూపాయలు. చారు బాగుంది, కూరలో నూనె ఎక్కువ. వడ్డించే ఆమెను బొమ్మలాయన గురించి అడిగితే గరిటె పట్టుకునే దారి చెప్పింది.

"మొబైల్ రిపేరు దుకాణం వెనుక ఉంటడు. కొడుకుదే దుకాణం. ఇప్పుడు గీస్తలేడక్కా, చేతులు వణుకుతయి. మా అత్తకు గూడ ఆయనే హారం ఏసిండు. మా మామ గది జూసి మూడు రోజులు ఏడ్చిండు."

బొమ్మలాయన మనిషి సన్నగా ఉన్నాడు, మాట మాత్రం గట్టిది. వెనక గదిలో తడిసిన గోడకు ఆనుకుని కూర్చుని రేడియో వింటున్నాడు. నేనూ బొమ్మలే గీస్తానని చెప్పగానే రేడియో ఆపాడు. తన పని గురించి అడిగేవాళ్లు ఈ మధ్య ఎవరూ రాలేదేమో, ఒక పట్టాన వదల్లేదు. జనం పెళ్లిలో తీసిన గుంపు ఫోటో తెచ్చి అందులో ఒక మొఖం చూపించేవాళ్లట. దాన్ని వేరు చేసి, పెద్దది చేసి, కుంచెతో నలుపు తెలుపు దిద్దాలి. ఒంటి మీద ఏముండాలో ఇంటివాళ్లు చెప్పేవాళ్లట.

"మొగోళ్లకు జేబుల పెన్ను ఏస్తె సదువుకున్నోడు. చేతికి గడియారం ఏస్తె నౌకరి ఉన్నోడు. కూలికి పోయినోళ్లకు గూడ గడియారం ఏసిన, నాకేం పోయింది? ఆడోళ్లకు హారం. దుబాయిల సచ్చిపోయినోళ్ల పిలగాండ్లు అస్తె కోటు ఏయమనేటోళ్లు."

ట్రంకుపెట్టె తెరిచి ఒక అచ్చు తీసి చూపించాడు. పాత ఎక్స్‌రే ఫిల్మును హారం ఆకారంలో కత్తిరించి చేసుకున్నది. నడిమి పేటలో ఐదో రంధ్రం వంకరగా ఉంది. బ్లేడు జారిందట, మళ్లీ చేయడానికి ఓపిక లేక అలాగే వాడేశాడు. నలభై ఏళ్లపాటు నాలుగు మండలాల ఆడవాళ్ల మెడలోకి ఆ తప్పు పోతూనే ఉంది. నేనేమో దాన్ని ప్రాంతపు శైలి అనుకున్నాను.

అప్పుడు బాపమ్మ ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు.

"గీ పతకం అచ్చుల లేదమ్మా. అచ్చుల ఉన్నది చిన్నది. గిది చేతితోని ఏసిన, గింత పెద్దగ. నేను ఊకె ఏయను. కింద ఏదో ఉంటెనే, గది కనవడొద్దని చెప్తెనే ఏస్త."

"ఏముంటది కింద?"

"సీరె చినిగి ఉండొచ్చు. మచ్చ ఉండొచ్చు. యాదికి లేదు, అబద్ధమెందుకు జెప్పాలె. కని అసలు ఫోటో పారెయ్యలే నేను. ఎవ్వరిదీ పారెయ్యలే. మొఖం ఉన్న కాయితం చెత్తల ఏస్తె మనసుకు మంచిగనిపియ్యది. ఫ్రేము వెనుక అట్టకు లోపట పెట్టి ఇస్తుంటి. ఇప్పి జూడు."

మూడింటికి వేములవాడ బస్సు దొరికింది. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా పోతుంది, గంటన్నర అంటారు గాని వానకు రెండు గంటలు పట్టింది. రుద్రంగి దాకా నిలబడే వెళ్లాను. అక్కడ నాట్లు వేసి వచ్చే ఆడవాళ్లు బురద కాళ్లతో ఎక్కారు, ఎవరి మెడలోనూ పసుపుతాడూ నల్లపూసలూ తప్ప ఏమీ లేవు. నేను బొమ్మలవైపు చూసినంతగా మనుషులవైపు చూడలేదని అప్పుడనిపించింది. వేములవాడలో గుడికి వచ్చినవాళ్ల రద్దీ, సిరిసిల్ల బస్సులో చోటు దొరకలేదు. ముప్పై రూపాయలకు షేర్ ఆటోలో ముందు సీటు అంచున కూర్చుని వచ్చాను. సామాను ఉన్నవాళ్లు ఆ పని చేయకండి.

ఒకప్పుడు సిరిసిల్లలో మా అత్త వాళ్ల గల్లీలోకి వస్తే మాట వినపడేది కాదు. ఇక్కడ మరమగ్గాలను సాంచాలంటారు, రాత్రీ పగలూ ఆడుతూనే ఉండేవి. ఆ సాయంత్రం వాన చప్పుడు స్పష్టంగా వినపడింది. ఆర్డర్లు లేక సగం సాంచాలు ఆపేశారని అత్త చెప్పింది. అత్తకు డెబ్బై దాటాయి. మామ పోయాక ఒక్కతే ఉంటుంది, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతుంది. నన్ను చూసి నవ్వింది కానీ చేతులు ఆగలేదు.

టీ తాగాక విషయం చెప్పాను. హారం బొమ్మ అని చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఫ్రేము విప్పుతాననగానే మాత్రం చేట పక్కన పెట్టింది.

"వద్దు బిడ్డా. గోడ మీద ఉన్నదాన్ని ఎందుకు గెలుకుతవు?"

"పుస్తకంల తప్పు పోతది అత్తా. సోమవారం అచ్చేస్తరు."

"పోతె పోయింది. ఎవ్వలకు తెలుస్తది?"

"నాకు తెలిసింది కద."

అత్త నా మొఖం చూసింది. లేచి తానే ఫోటో దించింది, ప్లాస్టిక్ దండ తీసి పక్కన పెట్టింది. ఆకు కత్తిరించే కత్తెర మొనతో వెనక మేకులు ఒక్కొక్కటే లేపింది. అట్ట కింద పాత పేపరు, దాని కింద అరచేతిలో పట్టేంత ఫోటో. బాపమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది, తాత పక్కన నిలబడ్డాడు. ఆమె మెడలో హారం లేదు. పుస్తెల కిందుగా, నల్ల దారానికి, గోరంత వెండి బిళ్ళ ఒకటి.

నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు బాపమ్మ పోయింది. అంతకుముందు ప్రతి పొద్దున, చాయ్ నోట్లో పోసుకోకముందే, ఆమె కొంగు చాటున మెడలోని దేనికో కుంకుమ పెట్టేది. పుస్తెలకే అనుకున్నాను ఇన్నాళ్లూ.

"గది పెద్దామె బిళ్ళ" అంది అత్త. "మొదటి పెండ్లాం సచ్చిపోయి రెండోదాన్ని చేసుకుంటె, గా సచ్చిపోయినామె పేర బిళ్ళ చేయించి దీని మెడల ఏస్తరు. దినాం ముందుగాల ఆమెకు బొట్టు పెట్టి, తర్వాతనే ఇది తినాలె. లేకుంటె ఆమె ఊకోదంటరు."

బాపమ్మ రెండో భార్య అని మా ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. అంతకుముందొక ఆమె ఉందని కూడా తెలియదు. పిల్లలు లేకుండా పోయిందా ఆమె అని అడిగాను. అత్త ఖాళీ టీ గ్లాసులు పక్కకు జరిపింది.

"ఉన్నడు ఒక కొడుకు. మీ బాపే."

వాన పెద్దదైంది. అత్త కిటికీ మూసి వచ్చి కూర్చుంది, తర్వాత అంతా నేల చూస్తూనే చెప్పింది. బాపు ఏడాది పిల్లవాడిగా ఉండగా కన్నతల్లి జ్వరంతో పోయింది. అదే గల్లీలోంచి బాపమ్మను తెచ్చి చేశారు. ఆమెకు తర్వాత అత్త పుట్టింది. పదేళ్లప్పుడు ఎవరో చెబితే బాపుకు తెలిసింది. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. బాపమ్మ పోయినప్పుడు ఫోటో కోరుట్లకు పట్టుకుపోయింది ఆయనే.

"నేనడిగిన, బిళ్ళ ఎందుకు తీపిచ్చినవన్నా అని. ఏమన్నడో తెలుసా? ఇంటికచ్చినోళ్లంత గా బిళ్ళ జూసి నువ్వు ఎవరి కొడుకువురా అంటరు. నేను ఈమె కొడుకునే అని ఎన్నిసార్లు జెప్పాలె, అన్నడు."

నాకు బాపు మీద కోపం వచ్చింది, చెప్పడానికి సిగ్గేమీ లేదు. పెంచిన తల్లి నలభై ఏళ్లు మెడలో మోసిన మనిషిని, కన్న కొడుకు ఒక పతకం కింద పూడ్చిపెట్టాడు. అదీ ప్రేమతోనే చేశాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా సరిగా చోటు లేకుండా చేశాడు. మిగిలిన పని నేను పూర్తి చేశాను, ఆ పతకం మీద నాలుగు వాక్యాల పొగడ్త రాసి.

"ఆమె పేరేంది అత్తా?"

"నాకు తెల్వదు. అమ్మ అక్క అనేది. బొట్టు పెట్టేటప్పుడు గూడ అక్కా అనే అనేది. పేరు తీస్తె ఆమె లేచి అస్తదని భయం. అడిగిన రెండు మూడు సార్లు, జెప్పలే. ఇప్పుడు గల్లీల గంత పాతోళ్లెవ్వలు లేరు."

"బిళ్ళ?"

"అమ్మ బూడిదతోని ధర్మపురి తీస్కపోయి గోదారి గంగల కలిపిండు మీ బాపు."

చిన్న ఫోటోను బల్బు కింద పట్టుకుని చూశాను. ఆ బిళ్ళ మీద ఒక ఆడమనిషి రూపు కొట్టి ఉంటుందట, రెండు కళ్లు, ఒక ముక్కు గీత. ఫోటోలో అదేమీ కనిపించదు. వెలుతురు పడి తెల్లటి చుక్కలా ఉందంతే. నన్ను కన్న తండ్రిని కన్న మనిషికి ఈ లోకంలో మిగిలిన బొమ్మ ఆ చుక్క. ఏడుద్దామంటే ఎవరి కోసమో తెలియడం లేదు. అత్త ఫోటోను మళ్లీ అట్ట వెనకే పెట్టింది, మేకులు వంచింది, దండ వేసింది.

"పుస్తకంల నీ ఇష్టం. గోడ మీద మాత్రం గట్లనే ఉండనియ్. అమ్మ మెడల బంగారం గదొక్కటే" అంది.

శనివారం పొద్దున ఏడున్నరకు సిరిసిల్ల నుంచి సిద్దిపేట మీదుగా హైదరాబాద్ బస్సు ఉంది, మూడున్నర గంటల ప్రయాణం. బస్టాండు దాకా అత్త గొడుగు పట్టుకుని వచ్చింది. కొత్త బొమ్మలో బిళ్ళను ఖాళీగా వదిలేస్తానని చెప్పాను, ఆమె మొఖం ఎలా ఉండేదో తెలియదు కదా అని. బస్సు మెట్టు మీద కాలు పెట్టాక వెనక నుంచి నా సంచి పట్టుకుంది.

"ఖాళీ ఎందుకు? మీ బాపు మొఖం గీయి. వీడు అచ్చం మా అక్కనే అని అమ్మ నాతోని ఎప్పుడూ అనేది. సచ్చిపోయే నాడు గూడ ఆయన మొఖమే జూసి, అక్కా, నీ కొడుకు జాగ్రత్తనే ఉన్నడే అన్నది."

సిద్దిపేట దాకా కిటికీవైపు తిరిగే కూర్చున్నాను. బాపు తల్లిని దాచడానికి ఒక పతకం గీయించుకున్నాడు కానీ ఆమె మొఖాన్ని డెబ్బై ఏళ్లకు పైగా తన మొఖం మీదే మోస్తూ తిరిగాడు. ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో. ఆదివారమంతా కూర్చుని పన్నెండో బొమ్మ మళ్లీ గీశాను. హారం తీసేశాను. నల్ల దారం, గోరంత బిళ్ళ, దానిలో కలిసిన కనుబొమలు, వెడల్పు గడ్డం, బాపు కోపంగా లేనప్పటి చూపు. గీస్తున్నప్పుడు ఆయన మీద కోపం తగ్గిందని అనలేను. పాత బొమ్మల్లోని నగలకు అర్థాలు రాసే పని నాకు ఇదివరకంత తేలిగ్గా లేదు. ఒక నగ ఆ మనిషికి ఏం ఉండేదో చెబుతుందని నమ్మాను. చాలాసార్లు అది మిగిలినవాళ్లు ఏం ఇవ్వలేకపోయారో, ఏం కనపడకూడదనుకున్నారో అదే చెబుతోంది.

ఇటువైపు పాత ఫోటోల కోసం వెళ్లేవాళ్లు సంచిలో ఒక చిన్న స్క్రూడ్రైవర్ పెట్టుకోండి. ఇంటివాళ్లను అడిగి, వాళ్ల చేతే ఫ్రేము వెనక విప్పించండి, చూశాక ఉన్నది ఉన్నట్టు మూసేయండి. అందులో ఉన్నవాళ్ల పేర్లు అప్పుడే, అక్కడే అడిగి రాసుకోండి. మా పుస్తకంలో ప్రతి బొమ్మ కింద పేరు కోసం ఒక గీత ఉంటుంది. పన్నెండో బొమ్మకు రెండు గీతలు వేయించాను. మొదటిదాని మీద బాపమ్మ పేరు రాశాను, రెండోది ఖాళీగానే ప్రెస్సుకు పోయింది.